బెల్టు దక్కలేదు.. అయినా కింగ్‌లే! వరల్డ్ ఛాంపియన్ కాని రెజ్లింగ్ దిగ్గజాలు వీళ్లే.. అసలు కారణం ఏంటంటే?

తెనాలి / బాపట్ల / రేపల్లె: జేబులో డబ్ల్యూడబ్ల్యూఈ ట్రంప్ కార్డులు పెట్టుకుని స్కూలుకెళ్లిన తరం ఒకటుంది. ర్యాంకు ఎంత? ఎత్తెంత? బరువెంత? ఛాతీ ఎంత? ఎవరి నంబర్ పెద్దదైతే కార్డు వాళ్లదే. ఆ పిల్లలే ఇప్పుడు ఉద్యోగాలు, వ్యాపారాలు చేసుకుంటూ తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైల్లో కూర్చుని ఫోన్లో పాత ఫైట్ల రీల్స్ చూస్తున్నారు. హల్క్ హోగన్, అండర్‌టేకర్, రాక్, జాన్ సీనా.. వీళ్లంతా వరల్డ్ ఛాంపియన్లు. కానీ ఆ రీల్స్‌లోనే ఇంకొందరు కనిపిస్తారు. వాళ్లు మాట్లాడితే చాలు స్టేడియం ఊగిపోయేది. వాళ్లొస్తే పిల్లలు నిజంగా భయపడేవాళ్లు. తీరా చూస్తే డబ్ల్యూడబ్ల్యూఈ పెద్ద బెల్టు ఒక్కసారి కూడా వాళ్ల నడుముకి ఎక్కలేదు!

ఎందుకలా? బలం చాలకనా? ఆట రాకనా? రెండూ కావు. అసలు విషయం అర్థం కావాలంటే ముందు ఆ బెల్టు ఎవరిస్తారో తెలియాలి.

బెల్టు గెలిచేది కాదు.. ఇచ్చేది!

ఒలింపిక్స్‌లో చూసే కుస్తీ వేరు, డబ్ల్యూడబ్ల్యూఈ లాంటి ప్రొఫెషనల్ రెజ్లింగ్ వేరు. కుస్తీలో ఎవరు గెలుస్తారో రిఫరీకి కూడా ముందు తెలియదు. ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో మాత్రం ఎవరు గెలవాలి, ఎవరు ఓడాలి అన్నది ముందే డిసైడ్ అయిపోతుంది. ఈ కథ రాసేవాళ్లను బుకర్లు అంటారు. మంచివాడి పాత్రను బేబీఫేస్ అని, విలన్‌ను హీల్ అని పిలుస్తారు.

ఇదేదో ఎవరో చేసిన ఆరోపణ కాదు. 1989లో అప్పటి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కంపెనీయే అమెరికాలోని న్యూజెర్సీ సెనేట్ ముందు తమది ఎంటర్‌టైన్‌మెంట్ అని ఒప్పుకుంది. క్రీడల మీద ఉండే ప్రభుత్వ నియంత్రణ తప్పించుకోవడానికే ఆ మాట చెప్పింది.

అంటే వరల్డ్ ఛాంపియన్ బెల్టు కప్పు లాంటిది కాదు. సినిమాలో హీరో వేషం లాంటిది. కంపెనీ ఎవరి పేరు మీద టికెట్లు అమ్మాలనుకుంటే వాళ్ల చేతిలో పెడుతుంది. మిగతావాళ్లు ఎంత గొప్పగా చేసినా వాళ్ల పని ఆ హీరోని పెద్దవాణ్ని చేయడమే.

స్క్రిప్ట్ ఉంది కదా అని అంతా ఉత్తుత్తిదే అనుకుంటే పొరపాటు. ఫలితం ముందే రాసుకోవచ్చు. కానీ నిచ్చెన మీద నుంచి పడితే తగిలే దెబ్బని ఎవరూ రాయలేరు. వెన్నెముకలు, మెడలు, మోకాళ్లు నిజంగానే విరిగాయి. ప్రాణాలు కూడా పోయాయి.

తెనాలి వాళ్లకి ఇది కొత్తా?

"అంతా డ్రామానే కదా, ఎందుకంత పిచ్చి?" అని ఇంట్లో పెద్దవాళ్లు తిట్టే ఉంటారు. నిజానికి ఈ ప్రశ్నకి జవాబు మన ఊళ్లలోనే ఉంది.

1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి రామవిలాస సభ నాటకాల్లో ఆడవేషాలు వేసేవారు. సత్యభామ, చింతామణి, మధురవాణి, రోషనార.. ఏ పాత్ర వేసినా జనం విరగబడి చూసేవారు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. వేదిక మీద ఉన్నది మగవాడని ఆ జనానికి తెలియకా? తెలుసు. తెలిసే వచ్చేవాళ్లు. తెలిసి కూడా తెర లేచాక ఆయన్ని సత్యభామగానే చూసేవాళ్లు.

రెజ్లింగ్ అభిమాని చేసేదీ అదే. ఫలితం ముందే రాశారని తెలుసు. తెలిసే కేకలు వేస్తాడు.

పౌరాణిక నాటకాన్నే తీసుకోండి. కురుక్షేత్రంలో దుర్యోధనుడు ఓడిపోతాడని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఏ ఊళ్లో ఆడినా, ఎన్నిసార్లు ఆడినా అతను గెలవడు. అయినా దుర్యోధనుడి పద్యానికి వన్స్‌మోర్ పడుతుంది. ఆ వేషగాడు బలహీనంగా చేస్తే కృష్ణుడి రాయబారం కూడా తేలిపోతుంది. జిల్లాల విభజన తర్వాత 2022 నుంచి బాపట్ల, రేపల్లె ఒక జిల్లాలో, తెనాలి గుంటూరు జిల్లాలో ఉన్నాయి గానీ ఈ నాటకాల సంగతి మూడు ఊళ్లకీ బాగా తెలుసు.

రెజ్లింగ్‌లో ఆ దుర్యోధనులు ఎవరో ఇప్పుడు చూద్దాం.

రాడీ పైపర్.. హోగన్‌ని హోగన్ చేసినవాడు

అసలు పేరు రోడరిక్ టూంబ్స్. 1954లో కెనడాలో పుట్టాడు. స్కాట్లాండ్ వాళ్లు కట్టే గళ్ల కిల్ట్ కట్టుకుని, బ్యాగ్‌పైపర్ సంగీతంతో రింగ్‌లోకి వచ్చేవాడు. ఎత్తూ, బరువూ చూస్తే హోగన్ ముందు చిన్నవాడే. కానీ నోరు తెరిస్తే అతన్ని ఆపేవాడు లేడు.

1984లో "పైపర్స్ పిట్" పేరుతో ఇంటర్వ్యూ షో మొదలుపెట్టాడు. అతిథిగా వచ్చిన జిమ్మీ స్నూకా తల మీద కొబ్బరికాయ పగలగొట్టిన సీన్ ఇప్పటికీ వైరల్ అవుతూనే ఉంటుంది. ఆ తర్వాత జనం అతన్ని ఎంత ద్వేషించారంటే, అతను ఓడితే చూడాలని టికెట్లు కొనేవాళ్లు.

1985 మార్చి 31న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మొదటి రెజిల్‌మేనియా జరిగింది. మెయిన్ ఈవెంట్‌లో ఒకవైపు హల్క్ హోగన్, నటుడు మిస్టర్ టి. ఇంకోవైపు రాడీ పైపర్, పాల్ ఆర్న్‌డార్ఫ్. కంపెనీ తన సర్వస్వం పెట్టిన షో అది. అది ఫ్లాప్ అయితే ఈ రోజు డబ్ల్యూడబ్ల్యూఈ ఈ స్థాయిలో ఉండేదే కాదేమో. హీరోగా హోగన్‌కి పేరొచ్చింది. కానీ ఎదురుగా పైపర్ లాంటి విలన్ లేకపోతే జనం అంత ఆత్రంగా వచ్చేవాళ్లు కాదు.

మరి బెల్టు? పైపర్‌కి డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లో దక్కింది 1992 జనవరిలో ఇంటర్‌కాంటినెంటల్ టైటిల్. అది రెండో మెట్టు బెల్టు. పెద్ద బెల్టు ఎప్పుడూ రాలేదు. 2005లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. 2015లో 61 ఏళ్లకే చనిపోయాడు.

టెడ్ డిబియాసీ.. డబ్బిచ్చినా దక్కలేదు

"మిలియన్ డాలర్ మ్యాన్" అనగానే మెరిసే కోటు, వెకిలి నవ్వు గుర్తొస్తాయి. ప్రతి మనిషికీ ఒక రేటు ఉంటుందనేది ఈ పాత్ర సిద్ధాంతం. బాస్కెట్‌బాల్‌ని వరసగా కొడితే డబ్బిస్తానని ఒక చిన్న పిల్లాడికి ఆశ చూపించి, చివర్లో బంతిని కాలితో తన్నేసిన సీన్ చూసి తిట్టుకోనివాళ్లు లేరు. మన సినిమాల్లో ఊరి జమీందారు విలన్‌కి ఇతను అమెరికా వెర్షన్.

1988 ఫిబ్రవరి 5న కథ పీక్‌కి వెళ్లింది. ఆ రోజు టీవీలో హోగన్, ఆండ్రే ది జెయింట్ మధ్య టైటిల్ మ్యాచ్. హోగన్ భుజం పైకి లేచినా రిఫరీ మూడు లెక్కపెట్టేశాడు. ఆండ్రే గెలిచి బెల్టుని డిబియాసీకి అప్పగించాడు. చూస్తే రిఫరీలు ఇద్దరున్నారు, ఇద్దరిదీ ఒకటే ముఖం! డిబియాసీ రిఫరీనే కొనేశాడన్నది కథ. అమెరికాలో ఆ రాత్రి సుమారు 3.3 కోట్ల మంది టీవీలో చూశారని చెబుతారు.

అయితే బెల్టు అమ్మడానికి వీల్లేదని కంపెనీ ప్రెసిడెంట్ పాత్రధారి ప్రకటించాడు. టైటిల్ ఖాళీ చేసి టోర్నమెంట్ పెట్టారు. మార్చి 27న రెజిల్‌మేనియా 4 ఫైనల్లో డిబియాసీ ర్యాండీ సావేజ్ చేతిలో ఓడిపోయాడు. సావేజ్ స్టార్ అయిపోయాడు.

ఆ తర్వాత డిబియాసీ ఏం చేశాడో తెలుసా? 1989లో తన పాత్ర కోసం సొంతంగా "మిలియన్ డాలర్ బెల్టు" చేయించుకున్నాడు. గెలవలేకపోతే కొనుక్కుంటా అన్నట్టు. ఈ రోజుకీ చాలామందికి అసలు బెల్టు కన్నా ఆ డాలర్ గుర్తుల బెల్టే బాగా గుర్తుంది.

జేక్ రాబర్ట్స్.. పాము చాలు, బెల్టెందుకు?

రింగ్ మూలన ఒక గోనెసంచి. లోపల కొండచిలువ. దాని పేరు డామియన్. జేక్ "ది స్నేక్" రాబర్ట్స్ మ్యాచ్ మొదలైతే జనం కళ్లు మనిషి మీద కాదు, ఆ సంచి మీదే.

అందరూ మైకు పట్టుకుని అరుస్తుంటే ఇతను మాత్రం గొంతు తగ్గించి మెల్లగా మాట్లాడేవాడు. అదే ఎక్కువ భయపెట్టేది. తల పట్టుకుని నేలకేసి కొట్టే డీడీటీ దెబ్బని ఫేమస్ చేసింది ఇతనే. ఈ రోజు ఎంతోమంది రెజ్లర్లు అదే మూవ్ వాడుతున్నారు.

ఇంత పేరున్న జేక్‌కి డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లో వరల్డ్ టైటిల్ మాత్రమే కాదు, చిన్న బెల్టు కూడా రాలేదు. కంపెనీ లెక్క సింపుల్. బెల్టు లేకపోయినా ఇతని మ్యాచ్‌కి టికెట్లు తెగుతున్నాయి. అలాంటప్పుడు బెల్టుని అది అవసరమైనవాడికిస్తే ఇద్దరూ నడుస్తారు కదా!

ఇంకో ఘట్టం ఉంది. 1996 జూన్ 23న కింగ్ ఆఫ్ ది రింగ్ ఫైనల్. వయసు మీద పడిన జేక్ ఒకవైపు, అప్పటికింకా పెద్దగా పేరు లేని స్టీవ్ ఆస్టిన్ ఇంకోవైపు. జేక్ ఓడిపోయాడు. గెలిచిన ఆస్టిన్ సింహాసనం దగ్గర మైకు పట్టుకుని, జేక్ చెప్పే బైబిల్ మాటల్ని ఎగతాళి చేస్తూ "ఆస్టిన్ 3:16" అన్నాడు. ఆ ఒక్క మాట టీషర్టుల మీదికెక్కింది. రెండేళ్లు తిరక్కుండానే ఆస్టిన్ వరల్డ్ ఛాంపియన్. అంటే జేక్ ఓడిన రాత్రే తర్వాతి రాజు పుట్టాడు.

మిస్టర్ పర్‌ఫెక్ట్, రేజర్ రామన్.. రెండో మెట్టు మీద రాజులు

కర్ట్ హెన్నిగ్ అంటే గుర్తుపట్టకపోవచ్చు. మిస్టర్ పర్‌ఫెక్ట్ అంటే గుర్తొస్తాడు. చూయింగ్ గమ్‌ని గాల్లోకి ఉమ్మి చేత్తో కొట్టేవాడు, అదీ గురి తప్పకుండా! 1987లో ఏడబ్ల్యూఏ అనే వేరే కంపెనీలో వరల్డ్ టైటిల్ గెలిచాడు. డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌కి వచ్చాక మాత్రం ఇంటర్‌కాంటినెంటల్ బెల్టు దగ్గరే ఆగిపోయాడు.

1991 సమ్మర్‌స్లామ్‌లో వెన్ను తీవ్రంగా దెబ్బతిని ఉన్నా రింగ్‌లోకి దిగాడు. బ్రెట్ హార్ట్‌కి బెల్టు అప్పగించాలి, అదే ఆ రాత్రి కథ. నొప్పితోనే మ్యాచ్ పూర్తి చేశాడు. బ్రెట్ హార్ట్ సింగిల్స్ స్టార్‌గా నిలబడింది ఆ రాత్రే. మరుసటి ఏడాది బ్రెట్ వరల్డ్ ఛాంపియన్ అయ్యాడు. పర్‌ఫెక్ట్ 2003లో 44 ఏళ్లకే కన్నుమూశాడు.

పళ్లు కుట్టుకునే టూత్‌పిక్ నోట్లో పెట్టుకుని, దాన్ని ఎదుటివాడి ముఖం మీదికి విసిరేవాడు రేజర్ రామన్. అసలు పేరు స్కాట్ హాల్. ఇంటర్‌కాంటినెంటల్ టైటిల్ 4 సార్లు గెలిచాడు. 1994 మార్చి 20న రెజిల్‌మేనియా 10లో షాన్ మైకేల్స్‌తో అతను ఆడిన నిచ్చెన మ్యాచ్‌ని ఇప్పటికీ ఉదాహరణగా చూపిస్తారు. ఆ రాత్రి గెలిచింది రేజర్. తర్వాత పెద్ద బెల్టులన్నీ గెలిచింది షాన్.

1996లో హాల్ పోటీ కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూకి వెళ్లి, కెవిన్ నాష్, హోగన్‌లతో కలిసి ఎన్‌డబ్ల్యూఓ గ్రూపు పెట్టాడు. ఆ గ్రూపు రెజ్లింగ్ బిజినెస్‌నే మార్చేసింది. నాష్‌కి బెల్టు వచ్చింది, హోగన్‌కి వచ్చింది. హాల్‌కి రాలేదు. మద్యం వ్యసనంతో ఏళ్ల తరబడి పోరాడి 2022లో 63 ఏళ్ల వయసులో చనిపోయాడు.

ఓవెన్ హార్ట్.. ఈ కథలో స్క్రిప్ట్ లేదు

ఈ లిస్టులో అందరికంటే గుండె బరువెక్కించే పేరు ఇదే.

ఓవెన్ హార్ట్.. బ్రెట్ హార్ట్‌కి సొంత తమ్ముడు. రెజ్లర్ల కుటుంబంలో ఆఖరివాడు. అన్న నీడలో ఉండిపోతున్నానని కుళ్లుకునే తమ్ముడి పాత్ర అతనిది. రెజిల్‌మేనియా 10లో మొదటి మ్యాచ్‌లోనే అన్నని ఓడించాడు. అదే రాత్రి చివర్లో బ్రెట్ యోకోజునాని ఓడించి వరల్డ్ ఛాంపియన్ అయ్యాడు. రింగ్‌లో అందరూ బ్రెట్‌ని ఎత్తుకుని పండగ చేసుకుంటుంటే, దారిలో నిలబడి ఓవెన్ చూసిన చూపు అభిమానులు మర్చిపోలేదు. అన్నని ఓడించింది తాను. కిరీటం అన్నకి. ఇంటింటా ఉండే అన్నదమ్ముల గొడవే కదా!

అదే ఏడాది సమ్మర్‌స్లామ్‌లో అన్నదమ్ములిద్దరూ ఇనుప బోనులో టైటిల్ కోసం తలపడ్డారు. ఓవెన్ ఓడిపోయాడు. పెద్ద బెల్టుకి అంతకన్నా దగ్గరగా మళ్లీ వెళ్లలేదు.

1999 మే 23. అమెరికాలోని కాన్సస్ సిటీ. ఓవెన్ "బ్లూ బ్లేజర్" అనే కామెడీ సూపర్‌హీరో వేషంలో స్టేడియం పైకప్పు నుంచి తాడు మీద దిగాలి. ఆ రాత్రి అతనికి ఇంటర్‌కాంటినెంటల్ టైటిల్ మ్యాచ్ ఉంది. తాడు కొక్కెం ముందే విడిపోయింది. సుమారు 78 అడుగుల ఎత్తు నుంచి రింగ్ మీద పడ్డాడు. వయసు 34. భార్య, ఇద్దరు చిన్న పిల్లలు.

ప్రోగ్రాం మాత్రం ఆగలేదు. మిగతా మ్యాచ్‌లు జరిగాయి. దీనిపై కంపెనీ ఈ రోజుకీ విమర్శలు ఎదుర్కొంటోంది. ఓవెన్ భార్య కోర్టుకెళ్లారు. 2000లో 1.8 కోట్ల డాలర్లకి సెటిల్‌మెంట్ అయింది. ఆ డబ్బులో కొంత పెట్టి ఆమె భర్త పేరు మీద ఫౌండేషన్ నడుపుతున్నారు.

బెల్టు రాలేదన్న బాధ ఓవెన్ విషయంలో చాలా చిన్నది. అతను ఇంటికి తిరిగి రాలేదు.

ఉమాగా.. 2000ల నాటి పిల్లలకి పీడకల

ముఖం మీద రంగులు, బొటనవేలికి కట్టు, మాటలు లేవు, అరుపులే. టెన్ స్పోర్ట్స్‌లో ఉమాగా వస్తే ఛానెల్ మార్చినవాళ్లు చాలామందే. అసలు పేరు ఎడ్వర్డ్ ఫాటు. సమోవా దీవుల మూలాలున్న పెద్ద రెజ్లింగ్ కుటుంబం అతనిది.

2007 జనవరిలో జాన్ సీనాతో టైటిల్ కోసం వరసగా రెండు పెద్ద మ్యాచ్‌లు ఆడాడు. రాయల్ రంబుల్‌లో జరిగిన లాస్ట్ మ్యాన్ స్టాండింగ్ మ్యాచ్ సీనా కెరీర్‌లోనే బెస్ట్ అని చాలామంది అభిమానుల మాట. ముఖమంతా రక్తంతో సీనా గెలిచాడు. "సీనా నిజంగా ఫైటర్" అని నమ్మించింది ఎవరంటే ఎదురుగా నిలబడ్డ ఉమాగానే.

అదే ఏడాది ఏప్రిల్ 1న రెజిల్‌మేనియా 23లో విన్స్ మెక్‌మాన్ తరఫున ఉమాగా, డొనాల్డ్ ట్రంప్ తరఫున బాబీ లాష్లీ దిగారు. అవును, తర్వాత అమెరికా ప్రెసిడెంట్ అయిన ట్రంపే! ఎవరి మనిషి ఓడితే వాళ్ల గుండు. ఉమాగా ఓడాడు, విన్స్‌కి గుండు కొట్టారు.

2009 డిసెంబర్‌లో 36 ఏళ్లకే ఉమాగా చనిపోయాడు. ఇప్పటి స్టార్లు ఉసో బ్రదర్స్‌కి ఇతను స్వయానా బాబాయ్. 2025 ఏప్రిల్‌లో రెజిల్‌మేనియా 41లో గంథర్‌ని ఓడించి జే ఉసో వరల్డ్ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. బాబాయ్‌కి అందని బెల్టు అన్న కొడుక్కి అందింది.

ఇండియా కనెక్షన్.. రాజకీయం అడ్డుపడిన గోర్డియెంకో

టీవీలు రాకముందు మన దేశంలో రెజ్లింగ్ అంటే దారాసింగ్, కింగ్ కాంగ్. కింగ్ కాంగ్ అసలు పేరు ఎమిల్ చాయా, పుట్టింది యూరప్‌లో. భారీ శరీరం, గుబురు గడ్డం. దారాసింగ్ అతన్ని ఎత్తి పడేస్తే చూడాలని జనం ఎగబడేవాళ్లు. 1962లో దారాసింగ్ హీరోగా "కింగ్ కాంగ్" అనే హిందీ సినిమా కూడా వచ్చింది. ఇండియాలో తిరుగులేని పేరున్న ఈ విలన్ 1970లో కారు ప్రమాదం తర్వాత చనిపోయాడు.

అంతగా వినపడని ఇంకో పేరు జార్జ్ గోర్డియెంకో. 1928లో కెనడాలో పుట్టాడు. 1959లో కలకత్తాలో దారాసింగ్ కామన్వెల్త్ ఛాంపియన్ అయింది ఇతన్ని ఓడించే. ఆ కాలంలో ఆరుసార్లు వరల్డ్ ఛాంపియన్‌గా పేరున్న లూ థెజ్ కూడా గోర్డియెంకో సత్తాని మెచ్చుకున్నాడు.

మరి టైటిల్ ఎందుకు రాలేదు? కుర్రతనంలో కమ్యూనిస్టు పార్టీతో సంబంధాలు ఉండటమే కారణం. అమెరికాలో కమ్యూనిస్టుల మీద వేట నడుస్తున్న రోజులవి. అతన్ని ఆ దేశంలోకి రానివ్వలేదు. అప్పట్లో ఎన్‌డబ్ల్యూఏ వరల్డ్ ఛాంపియన్ అంటే అమెరికా రాష్ట్రాలన్నీ తిరిగి మ్యాచ్‌లు ఆడాలి. గడప దాటనివ్వని దేశంలో ఛాంపియన్ ఎలా అవుతాడు? కమ్యూనిస్టు ఉద్యమాన్ని దగ్గర నుంచి చూసిన తెనాలి ప్రాంతం పెద్దలకి ఈ బాధ ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. రెజ్లింగ్ తర్వాత గోర్డియెంకో చిత్రకారుడిగా మారి, 2002లో కన్నుమూశాడు.

దారాసింగ్ మాత్రం 1968లో బొంబాయిలో లూ థెజ్‌ని ఓడించి వరల్డ్ ఛాంపియన్ అనిపించుకున్నారు. కానీ ఎక్కువమంది ఇళ్లలో ఆయన గుర్తుండిపోయింది రామాయణం సీరియల్లో హనుమంతుడిగానే!

మన కలియుగ భీముడికి ఏ బెల్టు ఉంది?

తెలుగువాళ్లలో బలశాలి అంటే మొదట చెప్పే పేరు కోడి రామ్మూర్తి నాయుడు. ఉత్తరాంధ్రలోని వీరఘట్టం ఆయన సొంతూరు. సర్కస్ కంపెనీ పెట్టి ఊరూరా తిరిగారు. ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకోవడం, గొలుసులు తెంపడం ఆయన ప్రదర్శనల్లో హైలైట్. "కలియుగ భీముడు", "ఇండియన్ హెర్క్యులస్" అని జనం పిలుచుకున్నారు. 1942లో చనిపోయారు.

ఆయన పేరు మీద ప్రపంచ టైటిల్ ఏదీ లేదు. అయినా విశాఖ ఆర్కే బీచ్‌లో విగ్రహం ఉంది, శ్రీకాకుళంలో ఆయన పేరుతో స్టేడియం ఉంది. ఇప్పటికీ బలంగా కనిపించే పిల్లాణ్ని చూసి "కోడి రామ్మూర్తిలా ఉన్నాడ్రా" అనే పెద్దవాళ్లున్నారు. ఏ బెల్టు ఇంతకాలం నిలుస్తుంది?

బెల్టు వచ్చినవాళ్ల సంగతేంటి?

బెల్టు వస్తే అంతా గొప్పే అనుకోనక్కర్లేదు. 2007 జులైలో గ్రేట్ ఖలీ వరల్డ్ హెవీవెయిట్ టైటిల్ గెలిచాడు. 2017 మేలో భారత మూలాలున్న జిందర్ మహల్ డబ్ల్యూడబ్ల్యూఈ ఛాంపియన్ అయ్యాడు. ఇద్దరి గెలుపూ మనవాళ్లకి సంబరమే. అయితే ఇండియా మార్కెట్ మీద కంపెనీ కన్నేసిందనే మాటా అప్పుడు గట్టిగానే వినిపించింది. టెక్నిక్ విషయంలో వీళ్లని ఓవెన్ హార్ట్, పర్‌ఫెక్ట్ పక్కన పెట్టేవాళ్లు తక్కువ.

జనం పట్టుబడితే కథ మారిన సందర్భమూ ఉంది. కోఫీ కింగ్‌స్టన్ 11 ఏళ్లు మిడిల్ కార్డ్‌లోనే ఉండిపోయాడు. 2019లో అభిమానులు గోల గోల చేశాక ఏప్రిల్ 7న రెజిల్‌మేనియా 35లో టైటిల్ దక్కింది. లేకపోతే అతనూ ఈ లిస్టులోనే ఉండేవాడు.

2023 సెప్టెంబర్ 8న హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ సూపర్‌స్టార్ స్పెక్టకిల్ జరిగినప్పుడు మెయిన్ ఈవెంట్ టైటిల్ మ్యాచ్ కానే కాదు. జాన్ సీనా, సెత్ రోలిన్స్ కలిసి ఇంపీరియం టీమ్‌తో ఆడారు. అయినా స్టేడియం దద్దరిల్లింది. జనం వచ్చింది బెల్టు కోసం కాదు, మనుషుల కోసం.

ఒక్క చూపులో.. ఎందుకు దక్కలేదంటే

* బెల్టు లేకుండానే టికెట్లు తెగడం: జేక్ రాబర్ట్స్, రాడీ పైపర్
* హీరోని నిలబెట్టే విలన్‌గా ఉండాల్సి రావడం: టెడ్ డిబియాసీ, ఉమాగా
* గాయాలు, వ్యసనాలు: మిస్టర్ పర్‌ఫెక్ట్, రేజర్ రామన్
* రాజకీయ కారణాలు: జార్జ్ గోర్డియెంకో
* ప్రమాదం: ఓవెన్ హార్ట్

ఈ లిస్టులో వయసులు కూడా ఒకసారి చూడండి. 34, 36, 44, 61, 63. స్క్రిప్ట్ ప్రకారం ఓడిపోవడానికి కూడా వీళ్లు నిజమైన ఒంటినే పెట్టారు. పెద్ద బెల్టు గెలిచినవాడి పేరు రికార్డుల్లో ఉంటుంది. ఆ గెలుపుని జనం నమ్మేలా చేసింది మాత్రం ఎదుట నిలబడి ఓడినవాడే.

అందుకే ఈసారి ఫోన్లో పాత ఫైట్ కనపడితే, బెల్టు ఎత్తిపట్టుకున్నవాణ్ని చూశాక ఇంకో రెండు సెకన్లు ఆగండి. రింగ్ కింద నడుం పట్టుకుని లేస్తున్నవాణ్ని కూడా చూడండి. తెనాలి నాటకాల భాషలో చెప్పాలంటే, దుర్యోధనుడు ఓడిపోయాడు గానీ వన్స్‌మోర్ అతనిదే!

గమనిక: టీవీలో చూసే ఈ ఫీట్లు ఏళ్ల తరబడి శిక్షణ తీసుకున్నవాళ్లు చేసేవి. వాళ్లకే ప్రాణాపాయాలు తప్పలేదు. పిల్లలు ఇంట్లో మంచాల మీద, స్కూల్లో స్నేహితుల మీద ప్రయత్నించకుండా పెద్దవాళ్లు జాగ్రత్త తీసుకోవాలి.